గడియ ఉన్న తలుపు

భీమేశ్వరరావు ఎవరినీ దారి అడిగే మనిషి కాదు. బస్సు ఎటు పోతుందో బోర్డు చూసి తెలుసుకుంటాడు. బోర్డు లేకపోతే ఎక్కి కూర్చుని తెలుసుకుంటాడు. ఆ పద్ధతిలో ఒకసారి పెళ్లాంపిల్లలతో అన్నవరం బయల్దేరి ఏలేశ్వరంలో తేలాడు. తేలినవాడు ఊరుకోక, అక్కడి రిజర్వాయరు గట్టు మీద దుప్పటి పరిచి, స్వామికని తెచ్చిన అరటిపళ్లు అందరికీ పంచి, "దేవుణ్ణి ఎప్పుడైనా చూడొచ్చు, ఇన్ని నీళ్లు ఎప్పుడు చూస్తాం?" అన్నాడు. ఆయన భార్య రత్నమాల ఆ మాట మరిచిపోలేదు. ఆయన్నీ మరిచిపోనివ్వలేదు.

ఆయన కోనసీమలో ఒక మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. నలభై రెండేళ్లు. చేతిలో గొడుగు, జేబులో రెండు పెన్నులు, ముఖాన ఎప్పుడూ ఒక ఓదార్పు. "ఇప్పుడు లోపలికి వెళ్లడానికి లేదండి, సాయంత్రం రండి" అనే మాటని అంత మర్యాదగా చెప్పేవాడు ఆ తాలూకాలో లేడని పేరు. విన్నవాళ్లు కోప్పడకుండా దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు.

ఆయనకి ఒక గట్టి నమ్మకం ఉండేది. ప్రభుత్వం కట్టించింది ఏదైనా జనం చూడ్డానికే కట్టించిందని. ఆ ప్రాంతం వాళ్లకి అది వింతేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట మీద నుంచి గేట్లు లెక్కపెట్టని పిల్లలు అక్కడ ఉండరు. సీలేరు పవర్‌హౌస్‌కి పులిహోర కట్టుకుని వెళ్లొచ్చినవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. కాబట్టి హైదరాబాదులో హైటెక్ సిటీ అని ఒకటి కట్టారనీ, గుండ్రంగా ఉంటుందనీ, ఒళ్లంతా అద్దాలేననీ పేపర్లో బొమ్మ పడగానే, ఆయన దాన్ని కత్తిరించి తన బల్ల మీది గాజు పలక కింద పెట్టుకున్నాడు.

సూపరింటెండెంటు రామబ్రహ్మంగారు సంతకాలకి వచ్చినప్పుడల్లా ఆ బొమ్మ వైపు తల వంచేవారు.

"బయట సరేనయ్యా. లోపల ఎలా ఉంటుందంటావు?"

"వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తున్నానండి. లోపలంతా చూసొచ్చి చెబుతాను."

అలా మాటిచ్చేశాడు. తొంభై తొమ్మిది మే నెలలో, ఎనిమిదేళ్ల రోహిత్‌నీ నాలుగున్నరేళ్ల రసజ్ఞనీ వెంటబెట్టుకుని, భార్యాభర్తలు రాజమండ్రిలో రైలెక్కి హైదరాబాదులో దిగారు.

బస బోరబండలో. రత్నమాల తమ్ముడు అవినాష్ అక్కడ రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. హైటెక్ సిటీ దగ్గర ఒక కంప్యూటర్ కంపెనీలో చేరి రెండు నెలలైంది. మంచి కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకి వేలాడే ఫొటో కార్డు. ఆ కార్డుని రాత్రి పడుకునేటప్పుడు కూడా తలగడ పక్కనే పెట్టుకునేవాడు. అక్కనీ బావనీ చూసి సంతోషించాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, జూకి ఎలా వెళ్లాలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ఎన్నింటికి చూడాలో అన్నీ కాగితం మీద రాసిచ్చాడు. మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు పొద్దున బావగారు గొడుగు తీస్తూ, "ఇవాళ మీ హైటెక్ సిటీ" అనేసరికి, టిఫిను తింటున్నవాడల్లా ఆగిపోయాడు.

"బావగారూ, గోల్కొండ వెళ్లండి. గండిపేట వెళ్లండి. అటు మాత్రం వద్దండి. అక్కడ చూడ్డానికేం లేదు. మేం కూర్చుని పని చేస్తుంటాం, అంతే."

"మీరు పని చేస్తుంటే మేం చూడకూడదా?"

"చూడకూడదండి."

భీమేశ్వరరావు నవ్వాడు. అవినాష్ నవ్వలేదు. అక్క వైపు తిరిగి అసలు సంగతి చెప్పాడు. పోయిన నెల ఆఫీసులో ఒకబ్బాయిని చూడ్డానికి వాళ్ల బాబాయి ఊరి నుంచి గోంగూర పచ్చడి జాడీతో వచ్చాడట. కింద రిసెప్షన్లో, తెల్లటి తివాచీ మీద, ఆ జాడీ జారిందట. అప్పట్నుంచి ఆ అబ్బాయి అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పెద్ద మేనేజరు కూడా "ఆ గోంగూరని పిలవండి" అంటున్నాడట.

"నాది ఇంకా ప్రొబేషనక్కా. నాలుగు నెలలుంది. నేనేం కావాలో నువ్వే చెప్పు."

రత్నమాలకి తమ్ముడంటే ప్రాణం. భర్త సంగతి తెలుసు. ఆమె తిన్నగా కూతురి దగ్గరికి వెళ్లి, భర్త చెయ్యి లాగి ఆ పిల్ల నెత్తి మీద పెట్టింది.

"చెప్పండి. అక్కడ ఎవరితోనూ మా తమ్ముడి పేరెత్తనని."

"బయట నుంచి చూసొచ్చేస్తాం రత్నం. దీనికి ఒట్లెందుకు?"

"చెప్పండి."

"రసజ్ఞ మీద ఒట్టు. అవినాష్ పేరెత్తను."

రసజ్ఞ ఇడ్లీ తింటోంది. తన నెత్తి మీద ఏం ఒప్పందం జరిగిందో పట్టించుకోలేదు. అయితే ఆ పిల్ల గురించి ఇక్కడే ఒక సంగతి చెప్పాలి.

ఆ ఏడాది ఎల్‌కేజీలో చేరిన దగ్గర్నుంచి రసజ్ఞకి తలుపు పట్టింపు వచ్చింది. బాత్రూముకి తలుపుండాలి. తలుపుకి గడియుండాలి. గడియ తనే వెయ్యాలి, అది టక్కుమనాలి. ఆ తరువాత బయట ఒకరు నిలబడాలి. లోపల్నుంచి "ఉన్నావా?" అంటే వాళ్లు "ఉన్నాను" అంటూ ఉండాలి. జవాబు రాకపోతే పని ఆగిపోతుంది. ఈ కాపలాకి అమ్మ పనికిరాదు. ఒకసారి పాలు పొంగుతున్నాయని మధ్యలో వెళ్లిపోయింది. అందుకని నాన్నే. ఊళ్లో అర్జీలు పట్టుకుని పొద్దున్నే ఇంటికొచ్చినవాళ్లు, సీనియర్ అసిస్టెంటుగారు బాత్రూము తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి "ఉన్నానమ్మా, ఉన్నాను" అంటూండడం చాలాసార్లు చూశారు. ఆయన సిగ్గుపడేవాడు కాదు. ఆ ఇంట్లో ఆయన మాట చెల్లే స్థలం అదొక్కటే.

పదిన్నరకి ఆటోలో బయల్దేరారు. మాదాపూర్ దాటాక ఇళ్లు పలచబడ్డాయి. ఆ తరువాత బండలే బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో ఆటకి పేర్చి వదిలేసినట్టున్న రాళ్లు, వాటి మధ్య నల్లగా మెరిసే కొత్త రోడ్డు. ఆ రోడ్డు చివర ఆటో వాడు దింపి, "వాపస్ బండి దొరకదు సార్, జర ముందుకు నడిస్తె బస్సొస్తది" అని చెప్పి, చెప్పిన మాట పూర్తయ్యేలోపు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఎదురుగా గుండ్రటి మేడ. అచ్చం పేపర్లో ఉన్నట్టే.

నలుగురూ నిలబడి చూశారు. అద్దాల్లో ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. భీమేశ్వరరావు అంతస్తులు లెక్కపెట్టాడు. రోహిత్ ఇంకోసారి లెక్కపెట్టి ఒకటి ఎక్కువ చెప్పాడు. అయిదు నిమిషాలు గడిచాయి. చూడ్డం అయిపోయింది.

"లోపలికెళ్దామా నాన్నా?" అన్నాడు రోహిత్.

గేటు దగ్గరి మనిషి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ ఊపులో తెలియనిదేమీ లేదు. సరే, చుట్టూ తిరిగి చూద్దాం, ఏదైనా హోటలుంటే కాఫీ తాగుదాం అని భీమేశ్వరరావు ముందుకి నడిచాడు. ఆనకట్ట దగ్గరైతే మరమరాల వాళ్లుంటారు, తేగల బుట్టలుంటాయి, చెట్ల కింద బల్లలుంటాయి. ఇక్కడ కూడా ఉంటాయని నీళ్ల సీసా ఒక్కటే తెచ్చాడు. దాన్ని దారిలో సగానికి పైగా తాగింది రసజ్ఞ.

ఫర్లాంగు నడిచేసరికి ఆ పిల్ల ఆయన వేలు గట్టిగా పట్టుకుంది.

"నాన్నా. వస్తోంది."

భీమేశ్వరరావు నాలుగు పక్కలా చూశాడు. ఒక వైపు ఏదో కంపెనీ వాళ్ల నాలుగంతస్తుల అద్దాల భవనం. అవినాష్ చెప్పిన గుర్తుల ప్రకారం వాడి ఆఫీసు అదే. దాని పక్కన ఇంకో భవనం కడుతున్నారు. పరంజాలు, ఇసుక కుప్పలు. మిగిలినదంతా బండలు.

"ఆ రాయి వెనక్కి వెళ్దాం తల్లీ. ఎవరూ లేరు."

"తలుపేది?"

"ఇక్కడ తలుపెందుకమ్మా, అంతా ఖాళీయే."

"తలుపు లేకపోతే రాదు."

రత్నమాల తను పట్టుకున్న భర్త గొడుగు కొడుక్కిచ్చి, కొంగు విప్పి రెండు చేతులా పట్టుకుంది. "ఇదిగో తలుపు. రా."

రసజ్ఞ కొంగుని పైనుంచి కిందికి చూసింది. "అది చీర" అంది.

నిజమే. పిల్ల పెదవి వణకడం మొదలైంది. మోకాళ్లు దగ్గరికి చేర్చి నడుస్తోంది. భీమేశ్వరరావు కూతుర్ని ఎత్తుకుని, ఆ అద్దాల భవనం గేటు వైపు అడుగులు వేశాడు. రత్నమాల కళ్లతోనే హెచ్చరించింది. ఆయన కళ్లతోనే సరే అన్నాడు.

గేటు దగ్గర నీలం చొక్కా వేసుకున్న కాపలా మనిషి ఉన్నాడు. జేబు మీద ఎల్లేశం అని పేరు.

"బాబూ, నేను గవర్నమెంటు ఎంప్లాయీనండి. పాపకి అర్జెంటు. ఒక్క నిమిషం లోపల బాత్రూము…" అంటూ భీమేశ్వరరావు తన గుర్తింపు కార్డు తీశాడు.

ఎల్లేశం ఆ కార్డుని రెండు వైపులా తిప్పి చూసి జాగ్రత్తగా తిరిగిచ్చాడు. "గిది ఈడ నడ్వది సార్. ఎవల్ని కలవాలె మీరు?"

"ఎవర్నీ కాదు. బాత్రూముని."

"అట్లగాదు సార్. లోపల ఎవలన్న తెల్సినోళ్లుంటె పేరు చెప్పుర్రి. ఫోన్ చేస్త. ఆయనే కిందికొచ్చి సంతకం పెట్టి తీస్కపోతడు. రెండు నిమిషాల పని."

పేరు నాలుక చివరికి వచ్చేసింది. నాలుగక్షరాలు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. రత్నమాల రోడ్డు వారన బండ నీడలో నిలబడి ఇటే చూస్తోంది. ఒట్టు పెట్టుకున్న నెత్తి ఆయన భుజం మీదే ఉంది, చెమటతో తడిసి, ఏడుపుకి సిద్ధంగా.

"తెలిసినవాళ్లెవరూ లేరండి" అన్నాడు.

"మరి ఎట్ల సార్. పేరు లేకుంట పంపిస్తె నా నౌకరి పోతది. సాయంత్రం రాండ్రి, పెద్దసారుంటడు, అడుగుదురు."

సాయంత్రం రమ్మన్నది అచ్చం భీమేశ్వరరావు రోజూ చెప్పే మాటే. ఎల్లేశం ఎంత మర్యాదగా అన్నాడంటే, ఆయన చేతులు వాటంతట అవే దణ్ణం పెట్టబోయాయి. పిల్ల చంకలో ఉంది కాబట్టి ఆగాయి.

ఎల్లేశం గొంతు తగ్గించాడు. "దిల్‌లో పెట్టుకోకుండ్రి సార్. నేను గూడ లోపలికి పోవద్దు. ఆ గుట్ట ఎనకకే పోత."

రసజ్ఞ అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. గట్టిగా ఏడిస్తే ఏమవుతుందో ఆ పిల్లకి తెలుసు. సన్నగా, ఊపిరి బిగబట్టి, కళ్ల నీళ్లు మాత్రం వదిలి ఏడ్చింది. భీమేశ్వరరావుకి లోకం మీద ఎప్పుడూ రాని కోపం వచ్చి, ఎవరి మీద పెట్టాలో తెలియక, గొడుగు మీద పెడదామంటే అదీ చేతిలో లేక, అలాగే నిలబడిపోయాడు.

ఆ ఏడుపు విన్నది నర్సమ్మ. పక్క భవనంలో ఇసుక మోస్తున్న మనిషి. నెత్తి మీద చుట్ట గుడ్డ సర్దుకుంటూ వచ్చి, "ఏమైంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?" అంది.

"తలుపు లేదు" అంది రసజ్ఞ.

ఇంకెవరికైనా ఆ జవాబు అర్థమయ్యేది కాదు. నర్సమ్మకి వెంటనే అర్థమైంది. "గింత దానికి పరేషానేంది? తలుపు మాకు లేదా? రా."

ఇసుక కుప్పల వెనక రెండు పెద్ద బండలు, మధ్యలో మనిషి పట్టేంత సందు. మూడు వైపులా రాయి. నాలుగో వైపు, బండకి ఆనించి, ఒక తలుపు. నిజమైన తలుపు. పూర్తి ఎత్తు, నున్నటి చెక్క, అంచులకి ఇంకా ప్లాస్టిక్ కాగితం. లోపలి వైపు తళతళలాడే ఇత్తడి గడియ.

"వడ్రంగాయన కొలత తప్పు కోసిండు. పక్కన పారేసిండ్రు. మా ఆడోళ్లం తెచ్చుకున్నం" అంది నర్సమ్మ. "మడత బందులు లేవు. ఒకలు లోపలికి పోతె ఒకలు పట్టుకుంటం. గంతే."

రసజ్ఞ ఏడుపు ఆపింది. తండ్రి చంక దిగి, తలుపు దగ్గరికి వెళ్లి, గడియని ముందుకి తోసింది. దానికి దూరేందుకు ఎదురుగా ఏమీ లేదు, గాల్లోకి వెళ్లింది. కానీ టక్కుమంది. పిల్ల తల ఊపింది.

"నాన్న పట్టుకోవాలి" అంది.

నర్సమ్మ తలుపు నిలబెట్టి ఆయన చేతుల్లో పెట్టింది. అంతలో అటు నుంచి మేస్త్రీ కేక వేస్తే, "గట్టిగ పట్టు సారూ, బరువుంటది" అని చెప్పి పరిగెత్తింది. బరువుంటుందంటే భీమేశ్వరరావు అంత బరువనుకోలేదు. అరచేతులు రెండూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఛాతీ కూడా ఆనిస్తే గానీ అది నిలవలేదు. పైగా వడగాలి. ఒక్కో విసురుకి తలుపు లోపలికి ఒరగబోతోంది, లోపల పిల్ల. పై అంచు పట్టుకుని వెనక్కి లాగాలి, గాలి ఆగగానే మళ్లీ ముందుకి తొయ్యాలి. లోపల టక్కుమని చప్పుడైంది.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

సరిగ్గా అప్పుడే ఇసుక కుప్పల అవతల బూట్ల చప్పుళ్లు వినిపించాయి. కొత్త భవనంలో ఒక అంతస్తు తీసుకుంటున్న కంపెనీ వాళ్లు చూడ్డానికి వచ్చారు. ముందు నెత్తిన పసుప్పచ్చ టోపీ పెట్టుకున్న పెద్ద మేనేజరు సుబ్బరాయుడు, కడప మనిషి, బండల్లో నడవడం అలవాటున్న నడక. ఆయన వెనక ఇద్దరు తెల్లటి అతిథులు, ఎండకి ఎర్రగా కందిపోయి. అందరి వెనక, నక్షాల చుట్టలు రెండు చంకల్లో పెట్టుకుని, మెడలో కార్డు ఊగుతూ, అవినాష్.

అవినాష్ బావగారిని చూశాడు. బావగారు అవినాష్‌ని చూశారు. తలుపు వదిలి పారిపోవడానికి లేదు. పట్టుకుని దాక్కోవడానికీ లేదు. భీమేశ్వరరావు చేయగలిగిందల్లా ముఖం చెక్క వైపు తిప్పుకుని, తను ఎవరికీ ఏమీ కానట్టు నిలబడ్డం. ఆ పని శ్రద్ధగా చేశాడు. అవినాష్ ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో చూడవలసిందేమీ లేదు.

గోడ లేదు, ఇల్లు లేదు, ఒక పెద్దమనిషి బండల మధ్య కొత్త తలుపుని కౌగిలించుకుని నిలబడ్డాడు. సుబ్బరాయుడు ఆగాడు. అతిథుల్లో ఒకాయన ఇంగ్లీషులో ఇదేమిటని అడిగాడు. సుబ్బరాయుడు తలుపుని, మనిషిని, గాలిని చూశాడు. జేబులో రెండు పెన్నులున్నాయి కాబట్టి ఇంజినీరై ఉంటాడనుకున్నాడో ఏమో, తలుపుల గట్టితనం పరీక్షిస్తున్నారని చెప్పాడు. ఆ అతిథి మెచ్చుకోలుగా తలాడించి చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

"నాన్నా, ఉన్నావా?" అంది తలుపు.

జవాబు చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే లోపల పని ఆగిపోతుంది. భీమేశ్వరరావు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"ఉన్నానమ్మా" అన్నాడు.

సుబ్బరాయుడు కనుబొమలు పైకి లేచాయి. విషయం ఆయనకి అర్థమైపోయింది. వెనక్కి తిరిగి, "చూడప్పా అవినాశూ, ఎవురో పాపం…" అంటూ ఉండగా గాలి ఒక్కసారి విసిరింది. తలుపు పై అంచు భీమేశ్వరరావు చేతుల్లోంచి జారింది. ఆయన గొంతులోంచి ఒక కేక వచ్చింది. నక్షాల చుట్టలు రెండూ ఇసుకలో పడ్డాయి. అవినాష్ ఎలా దూకాడో వాడికే తెలియదు, తలుపు రెండో అంచు వాడి చేతుల్లో ఉంది.

"పట్టుకున్నాను బావగారూ. మీరు పైన పట్టుకోండి."

అతిథులు చూస్తున్నారు. మేనేజరు చూస్తున్నాడు. ఇసుక మోసే ఆడవాళ్లు తట్టలు దించి చూస్తున్నారు.

"మావయ్య ఉన్నాడా?" అంది లోపల్నుంచి రసజ్ఞ, అనుమానంగా.

అవినాష్ మెడలో కార్డు తలుపుకి కొట్టుకుని టిక్కుటిక్కుమంటోంది. వాడు మేనేజరు వైపు చూడలేదు. చెక్క వైపు చూస్తూ, కొత్త ఉద్యోగం, నాలుగు నెలల ప్రొబేషను, ఇస్త్రీ చొక్కా అన్నీ కలిపి మింగినట్టుగా ఒక గుటక మింగి, "ఉన్నాను రసా" అన్నాడు.

"ఇంకెవరో ఉన్నారు. దగ్గుతున్నారు."

దగ్గింది సుబ్బరాయుడు. నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. ఇప్పుడు అందరి కళ్లూ ఆయన మీద పడ్డాయి. మూడు వందల మందికి పైఅధికారి ఆయన. ఆయన్ని అడిగి లోపలికి రావలసినవాళ్లే గానీ, ఆయన్ని ఉన్నావా అని అడిగినవాళ్లు లేరు.

"నేనుండా పాపా" అన్నాడు. "సుబ్బరాయుడు."

లోపల గడియ ఒకసారి తీసి మళ్లీ వేసిన చప్పుడైంది.

"రావట్లేదు" అంది రసజ్ఞ. "ఇంతమంది ఉంటే రాదు. నాన్న ఒక్కడే ఉండాలి. అందరూ వెళ్లిపోండి."

భీమేశ్వరరావు ముఖం చూడవలసినదే. పదిహేనేళ్లు జనాన్ని సాయంత్రం రమ్మని పంపించిన మనిషి, ఇప్పుడు ఎవర్ని పొమ్మనాలో, ఎలా పొమ్మనాలో తెలియక, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక నిలబడ్డాడు.

"పదప్పా, పోదాం" అన్నాడు సుబ్బరాయుడు అతిథుల్ని తోలుకుంటూ. రెండడుగులేసి ఆగి, "సార్, మీరు అవినాశుకు ఏమైతారు?" అని అడిగాడు.

ఒట్టు గుర్తొచ్చి భీమేశ్వరరావు నోరు మూసుకున్నాడు.

"మా బావగారండి" అన్నాడు అవినాష్.

"గేట్‌కాడ పేరు చెప్పింటే లోపలికి పంపిస్తాండ్రి గదప్పా."

బావా బావమరుదులిద్దరూ తలుపు చెరో అంచూ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. సుబ్బరాయుడు వెళ్లిపోయాడు. అవినాష్ నక్షాలు ఏరుకుని, ఇసుక దులుపుకుని, వెళ్తూ వెళ్తూ పనివాళ్ల దగ్గరున్న సిమెంటు బస్తా ఒకటి లాక్కొచ్చి తలుపు అడుగున అడ్డంగా వేశాడు. బరువు సగం తగ్గింది. గాలి మాత్రం అలాగే ఉంది.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"అందరూ వెళ్లారా?"

"వెళ్లారమ్మా."

"ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను తల్లీ."

అప్పుడు, చాలాసేపటికి, రాళ్ల సందులోంచి రావలసిన చప్పుడు వచ్చింది. భీమేశ్వరరావు తన నుదురు చెక్కకి ఆనించి ఊపిరి వదిలాడు. వాన పడ్డప్పుడు రైతు కూడా అలా వదిలి ఉండడు. టక్కుమని గడియ తీసి రసజ్ఞ బయటికొచ్చింది, గౌను సర్దుకుని, అసలేమీ జరగనట్టు. "ఈ తలుపు మనింటి దానికన్నా బాగుంది" అని చెప్పి, అన్నయ్య దగ్గరికి పరిగెత్తింది.

ఆయన తలుపు దించబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"సారూ, జర గట్లనే ఉండు." నర్సమ్మ. ఆమె వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, తట్టలు పక్కన పెట్టి వరసగా. "రోజు మాలోకెల్లి ఒకలు పని ఇడ్సిపెట్టి పట్టుకోవాలె. మేస్త్రి తిడ్తడు. నువ్వు ఎట్లనూ పట్టుకునే ఉన్నవు."

కాదనే మాట ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆయనకి ఆ ఎండలో అది తట్టలేదు. ముఖం అవతలికి తిప్పి, గుండ్రటి మేడ కనిపించే వైపు చూస్తూ, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఒకరి తరువాత ఒకరు నలుగురు వెళ్లొచ్చారు. "సల్లగుండు కొడుకా" అని ఒక ముసలామె దీవించింది కూడా. అయిపోయిందనుకుని చేతులు సడలించబోతూ, ఎవరో ఇంకా ఉన్నట్టనిపించి ఓరగా చూశాడు.

వరస చివర రత్నమాల.

పొద్దున బోరబండలో బయల్దేరిన దగ్గర్నుంచీ ఆమె తన అవసరం గురించి ఒక్క మాట అనలేదు. ఒక్క గుటక నీళ్లు తాగలేదు. ఎందుకు తాగలేదో ఆయనకి అప్పుడు తెలిసింది. జూలో, చార్మినార్ దగ్గర, మ్యూజియంలో, మూడు రోజులుగా ఎందుకు దాహం లేదన్నదో కూడా. ఏలేశ్వరం గట్టు మీద సాయంత్రం దాకా ఎందుకు కూర్చున్నచోటు నుంచి లేవలేదో కూడా తెలిసి ఉంటుంది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఆయన ముఖం చూడకుండా లోపలికి వెళ్లింది. గడియ టక్కుమంది.

"ఏవండీ" అంది లోపల్నుంచి, చాలా చిన్న గొంతుతో. "ఉన్నారా?"

"ఉన్నాను రత్నం" అన్నాడు భీమేశ్వరరావు.

సెలవులయ్యాక ఆయన ఆఫీసుకి వెళ్లిన మొదటి రోజే రామబ్రహ్మంగారు సంతకాలకి వచ్చి, అలవాటుగా గాజు పలక కింది బొమ్మ వైపు తల వంచారు.

"ఏమయ్యా, చూసొచ్చావా? లోపల ఎలా ఉంది?"

భీమేశ్వరరావు అరచేతులు బల్ల కిందికి జరుపుకున్నాడు. బొబ్బలింకా ఆరలేదు.

"ఏం చెప్పమంటారండీ" అన్నాడు. "తలుపులు మాత్రం చాలా బరువు."